నిన్నువలెనా, నీవలెనా? (ఎవరి మాట వాళ్ల ఊరిపేరుతో)

తిరుపతి: శ్రమల కాలం (ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస దినాలు) మొదలైనప్పటి నుంచి మా చర్చి స్త్రీల కూటంలో శుక్రవారం ఒక పూట మానేసి, ఆ బియ్యం, ఆ డబ్బు ఒకచోట చేర్చి, రుయా ఆసుపత్రి బయట రోగుల కోసం కాచుకొని ఉండేవాళ్లకి సాంబారన్నం పొట్లాలు ఇస్తున్నాం. బల్లకి ఒక అట్ట కట్టి అవ్వ చెప్పే వాక్యం రాద్దామనుకున్నా. అవ్వ నోట ఎప్పుడూ 'నీవలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను'. బైబిల్లో చూస్తే 'నిన్నువలె'. ఆ 'న్ను' ఎందుకొచ్చింది?

పలమనేరు: అవ్వదే మన మాట అక్కా. 'నీ మాదిరి' అంటాం గానీ 'నిన్ను మాదిరి' అని ఎవరంటారు?

శ్రీకాళహస్తి: 'నా మాదిరి తమ్ముణ్ణి చూసుకో' అని మా నాయన అంటే ఏమని? తాను చూసుకున్నట్టా, తనను చూసుకున్నట్టా? రెండర్థాలూ వస్తాయి. 'నన్నువలె' అంటే ఒక్కటే. 'న్ను' తీసేస్తే ఆజ్ఞ సగం జారిపోతుంది.

చిత్తూరు: దీని మూలం 'పోలు'లో ఉంది. నిన్ను పోలిన, నిన్నుఁ బోలె. పోలె, వోలె, వలె ఒకే తీగ అని నా నమ్మకం. అందుకే ద్వితీయా విభక్తి, 'నిన్ను'.

పలమనేరు: మరి 'రామునివలె'?

చిత్తూరు: 'రాముని' షష్ఠికీ అదే, ద్వితీయకీ అదే. అక్కడ తేలదు. నీ, నిన్ను దగ్గరే బయటపడుతుంది.

కుప్పం: మేం తమిళ ఆరాధనకీ పోతాం. అక్కడ ఈ చిక్కు లేదు, 'నీమీద నువ్వు ప్రేమ చూపినట్టు' అని విడమరిచి ఉంటుంది. పొరుగువాడి చోట 'పిఱన్', అంటే ఇతరుడు. అసలు తేలాల్సింది 'పొరుగు'. పొరుగూరు అంటే ఆనుకున్న ఊరే కానక్కర్లేదు, మనది కాని ఊరు. లూకా సువార్త 10లో 'నా పొరుగువాడెవడు' అన్నవాడికి యేసు చూపించింది యూదులు పరాయిగా చూసిన సమరయుణ్ణి. పొరుగూరి మనిషినే కదా!

పుంగనూరు: పొరుగు అంటే నాకు గురజాడే. 'సొంత లాభం కొంత మానుకు, పొరుగువాడికి తోడుపడవోయ్'. ఒక పూట మానుకొని పొట్లం కట్టడం అదే కదమ్మా.

శ్రీకాళహస్తి: 'పొరుగువారికి' కదా సార్? మా బళ్లో అట్లే చదివినాం.

పుంగనూరు: 'సొంత లాభం' 3+4 మాత్రలు, 'పొరుగు వాడికి' 3+4. వాడికి, వారికి, వానికి మూడూ నాలుగు మాత్రలే, ఛందస్సు తీర్పు చెప్పదు. 'మానుకొని' అంటే మాత్రం ఐదై, గురజాడ వాడిన ముత్యాలసరం ఛందస్సు నడక చెడుతుంది. నేను 'వాడికి' దగ్గరే నిలబడతా. 'వారు' అంటే దూరంనుంచి దండం పెట్టినట్టు, 'వాడు' అంటే భుజమ్మీద చెయ్యేసినట్టు.

కుప్పం: మెట్లమీద కూర్చున్న పెద్దాయనకి పొట్లం ఇస్తా 'వాడికి' అనగలమా సార్?

తిరుపతి: పోయిన శుక్రవారం పొట్లాలు అయిపోయినాయి. ముందే తీసుకున్న ఒకామె టిఫిన్ మూతలో సగం అన్నం తోసి, ఆఖర్న మిగిలిన తమిళామె ముందుకు జరిపింది. 'నాకు మాదిరే ఆమెకీ ఆకలే కదమ్మా' అనింది.

చిత్తూరు: చూశారా, 'నాకు మాదిరే'! 'నా' అనలేదు. ఆకలి 'నాకు', ప్రేమించేది 'నిన్ను'. విభక్తి అర్థాన్ని పట్టుకొని వస్తుంది.

పలమనేరు: అది 'కు' విభక్తి సార్, ద్వితీయ కాదు, దాంతో 'నిన్ను' ఎట్లా నిలుస్తుంది?

శ్రీకాళహస్తి: అక్కా, ఇంకోటి. అచ్చులో కొన్నిచోట్ల 'పొరుగువాని', కొన్నిచోట్ల 'పొరుగువానిని' అని ఉంటుంది. ఏ వచనం తీసుకుంటావో దాన్ని చూసి అట్టమీద అట్లే రాయించు.