ఫ్రాన్సులో ఇంగ్లీషు అసిస్టెంటుగా వెళ్తే తర్వాత దారేంటండీ?

మాది యానాం పక్కనే, గౌతమి గట్టు మీద ఊరండీ. డిగ్రీలో ఫ్రెంచి చదివిన మా చెల్లెలు ఇప్పుడు కాకినాడలో ఓ ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతోంది. ఫ్రాన్సు బడుల్లో అసిస్టెంటుగా, అంటే అక్కడి ఇంగ్లీషు టీచర్లకు తోడుగా పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే పనికి, వెళ్తానంటోంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 7 నెలలు, వారానికి 12 గంటలు, చేతికి నెలకు సుమారు 800 యూరోలు. రూపాయల్లోకి మార్చి చూసి నాన్నగారు మురిసిపోయారు గానీ, అద్దె, తిండి కట్టాల్సింది యూరోల్లోనే కదా! విమానం టిక్కెట్టూ మన ఖర్చే.

పారిస్ కాకుండా చిన్న ఊరు పడితే ఆ జీతంతో నెట్టుకురావచ్చా? మొదటి జీతం అందేదాకా చేతిలో ఎంత ఉంచుకోవాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అసలు బెంగ మే నెల నుంచి ఏంటని. అక్కడే ఎం.ఏ.లో చేరినవాళ్లున్నారా? తిరిగొస్తే హైదరాబాదులో ఫ్రెంచి ఉద్యోగాలకి ఈ అనుభవం లెక్కలోకొస్తుందా? ఇక్కడ కరస్పాండెంటుగారు మాత్రం, మానేస్తే మళ్లీ తీసుకోనని తెగేసి చెప్పేశారు.