ఎత్తు జన్యువుల లెక్కలో వంశమూలాన్ని తీసేయాలా, ఉంచాలా?

తోతాపురి_చిత్తూరు: 2022లో నేచర్ పత్రికలో ఎత్తు మీద పెద్ద అధ్యయనం వచ్చింది, 54 లక్షల మంది డీఎన్ఏ, ఎత్తుతో ముడిపడిన 12,111 జన్యు తేడాలు. అందులో కూడా వంశమూలాల తేడాను గణితంతో పక్కకు తీసే లెక్క కట్టారు. ఎత్తు వచ్చేదే తాతముత్తాతల నుంచి కదా, వాళ్లనే తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

అలిపిరి_మెట్టు: తాతను ఎవరూ తీసేయడం లేదన్నా. తిరుపతి బస్టాండులో పంజాబు యాత్రికులనీ మనవాళ్లనీ కలిపి కొలిచామనుకో. వాళ్లు సగటున పొడుగు. అప్పుడు వాళ్లలో ఎక్కువగా కనబడే ప్రతి జన్యువూ ఎత్తు జన్యువులాగే తేలుతుంది, పాలు అరిగించుకునేది కూడా.

పీలేరు_బస్సు: పాలు తాగితే పొడుగవరా మరి?

తోతాపురి_చిత్తూరు: అదీ ప్రశ్న!

అలిపిరి_మెట్టు: పాలు వదిలేయండి సామీ, చర్మం రంగు జన్యువు అనుకోండి. యూరప్‌లోనే ఇలా దెబ్బతిన్నారు. ఉత్తర యూరప్‌వాళ్లు ప్రకృతి ఎంపిక వల్లే పొడుగయ్యారని ఏళ్ల తరబడి అన్నారు. 2019లో ఈలైఫ్ అనే సైన్సు పత్రికలో రెండు పేపర్లు యూకే బయోబ్యాంక్ (బ్రిటన్‌లో లక్షల మంది జన్యు, ఆరోగ్య వివరాల నిధి) డేటాతో మళ్లీ లెక్కేస్తే ఆ సంకేతం చాలావరకు కరిగిపోయింది. అందుకే తోబుట్టువులను పోల్చడం మేలు, అమ్మానాన్నలు ఒకరే కాబట్టి వంశమూలం గొడవ ఉండదు. వంశమూలాన్ని తీసే ఈ కరెక్షన్ అతిగా చేస్తే నిజమైన ప్రభావం కూడా కొంత కొట్టుకుపోతుంది, అది ఒప్పుకుంటా.

తోతాపురి_చిత్తూరు: ఒప్పుకున్నావుగా, ఇంకేం.

గాలిగోపురం: ఆ 12,111తో యూరప్ మూలాలవాళ్ల ఎత్తులో తేడాలు 40 శాతం దాకా అంతుపడతాయి, మిగతావాళ్లకు 10 నుంచి 20 శాతమే. మనం దేనికి కొట్టుకుంటున్నట్టు?

తోతాపురి_చిత్తూరు: నేను చెప్తా దేనికో. కానిస్టేబుల్ సెలక్షన్లో 167.6 సెంటీమీటర్లు కావాలి. నాకు అర సెంటీమీటరు తక్కువొచ్చింది. మడమలు లేపుతున్నానని భుజం మీద చెయ్యేసి నొక్కి మళ్లీ కొలిచారు, వెనకున్నోళ్లు నవ్వారు. మా రక్తమే పొట్టిదని సైన్స్ ఒప్పుకుంటే కటాఫ్ తగ్గించమని అడగొచ్చు. మీరేమో రక్తాన్నే లెక్కలోంచి తీసేస్తారు, ఇంట్లో ఏసీలో కూర్చుని!

అలిపిరి_మెట్టు: ఏసీ ఏంది? మా అమ్మ నేను కడుపులో ఉండగా పూటకో సంగటి ముద్దతో కూలికి పోయింది. నా కొడుకు ఇప్పుడు నాకన్నా నాలుగంగుళాలు ఎక్కువ. ఒక్క తరంలో రక్తం మారిందా? ఊరికీ ఊరికీ, కులానికీ కులానికీ మధ్య తేడా కనబడితే అది రక్తమో తిండో ఈ అధ్యయనాలు తేల్చవు. నువ్వు అడిగేది ఆ తేడా గురించి.

తోతాపురి_చిత్తూరు: తిండి సరిగా లేక పొట్టిగా ఉన్నాననా? మా ఇంట్లో రెండు ఆవులుండేవి.

పీలేరు_బస్సు: మళ్లీ పాలే 😀 మీ నాన్న ఎంత పొడుగన్నా?

తోతాపురి_చిత్తూరు: ఐదడుగుల తొమ్మిది. అయితే?