క్వీన్స్‌టౌన్‌కు ఏ నెలలో వెళితే మంచిది?

ప్రశ్న

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని క్వీన్స్‌టౌన్‌కు కుటుంబంతో వెళ్ళాలనుకుంటున్నాము. ఏడాది పొడవునా సాహస క్రీడలకు అనువైన ఊరని అందరూ రాస్తున్నారు కానీ, ఏ నెలలో ఏది వీలవుతుందో విడమరిచి చెప్పినవారు నాకు కనబడలేదు. పదమూడేళ్ళ మా అబ్బాయికి స్కీయింగ్ నేర్చుకోవాలని ఉంది. నాకు రూట్‌బర్న్ ట్రాక్ అనే కొండదారి మొత్తం నడవాలని కోరిక. డెబ్బైకి దగ్గరపడిన మా నాన్నగారేమో సరస్సు ఒడ్డున కూర్చుంటే చాలంటున్నారు. ఈ మూడూ ఒకే ప్రయాణంలో కుదురుతాయా? కారు అద్దెకు తీసుకోవడం తప్పనిసరా?

జవాబు 1

మొదటి రెండూ కలవవండీ. అక్కడి రుతువులు మనకు తలకిందులు కాబట్టి స్కీయింగ్ జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదట్లోనో ముగుస్తుంది. రూట్‌బర్న్ నడక కాలం అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ చివరి వరకు సాగుతుంది. అక్టోబరు మధ్యలో వెళితే రెండూ దక్కుతాయని కొందరు ఆశపడతారు కానీ, అది రెంటికీ చెడ్డ రేవడి వ్యవహారమే. చలికాలంలో ఆ దారిమీద మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. మంచు కొండలలో అనుభవం లేనివారు ఆ ఆలోచనే మానుకోవాలి.

వేసవిలో వెళ్ళేటట్లయితే ఒక సంగతి గమనించండి. ఆ దారి సుమారు 32 కిలోమీటర్లే అయినా, దాని రెండు చివరల మధ్య రోడ్డు దూరం 300 కిలోమీటర్లకు పైమాటే. మొదలుపెట్టిన చోట కారు వదిలితే, నడక ముగిశాక దాని దగ్గరికి తిరిగి చేరడమే ఒక పెద్ద ప్రయాణమవుతుంది. అందుకే చాలామంది బస్సునే నమ్ముకుంటారు. దారిలోని బస గదులను ప్రభుత్వ ప్రకృతి పరిరక్షణ శాఖ వద్ద నెలల ముందే బుక్ చేసుకోవాలి. అవి చాలా త్వరగా నిండిపోతాయి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూనే, పెద్దాయన గురించి ఎవరూ ఆలోచించలేదని చెప్పక తప్పదు. జూన్‌లో అక్కడ ఎనిమిది దాటాక తెల్లవారి, ఐదింటికి పొద్దు గుంకుతుంది. డిసెంబరులోనైతే రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఒడ్డున కూర్చోవడానికి ఈ తేడా చిన్నది కాదు.

ఊరిని ఆనుకునే ఉన్న వకాటిపు సరస్సు సుమారు 80 కిలోమీటర్ల పొడవు, 380 మీటర్ల లోతు ఉంటుంది. ఎండాకాలంలోనూ నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి ఈతకు పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఒడ్డున ఒక రాయిని గుర్తుపెట్టుకుని ఓపికగా చూడమనండి: అరగంట తిరిగేలోపే నీటిమట్టం కొన్ని అంగుళాలు పెరిగి, తగ్గుతుంది. తొట్టిలో నీళ్ళు అటూ ఇటూ ఊగినట్టు సరస్సు మొత్తం ఊగడమే దీనికి కారణం. నిద్రలోనే కాలిపోయిన రాక్షసుడి గుండె నీటి అడుగున ఇంకా కొట్టుకుంటోందని అక్కడి మూలవాసులైన మావోరీల కథ. 1912 నాటి ‘ఎర్న్‌స్లా’ ఆవిరి నౌకలో షికారు కూడా ఆయనకు నచ్చుతుంది. దాని ఇంజిన్ గదిని పైనుంచి దగ్గరగా చూడవచ్చు.

జవాబు 3

కారు విషయానికొస్తే, అక్కడ కూడా ఎడమవైపే నడపాలి, ఇంగ్లీషులో ఉన్న చెల్లుబాటయ్యే లైసెన్సు సరిపోతుంది. వేసవిలో కారు సుఖమే. చలికాలంలో మాత్రం నా సలహా వద్దనే. పక్క ఊరైన వనాకా వైపు వెళ్ళే క్రౌన్ రేంజ్ రోడ్డు 1,076 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. ఉదయం పూట నల్లని తారులాగే కనిపించే పలుచని మంచుపొర మీద చక్రం జారితే ఎంత అనుభవజ్ఞుడైనా చేయగలిగింది తక్కువ. టైర్లకు గొలుసులు తగిలించడం రావాలి. పైగా స్కీ మైదానాల రోడ్లపైకి తమ కార్లు తీసుకుపోకూడదని కొన్ని అద్దె సంస్థలు ఒప్పందంలోనే రాస్తాయి. కొరొనెట్ పీక్, రిమార్కబుల్స్ అనే స్కీ మైదానాలకు ఊళ్ళోంచే బస్సులున్నాయి.

కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ మిల్‌ఫోర్డ్ సౌండ్‌ను చూడాలన్నా బస్సే మేలు. మధ్యలో కొండలు అడ్డు కాబట్టి చుట్టూ తిరిగి దాదాపు 290 కిలోమీటర్లు పోవాలి. మంచుచరియలు విరిగిపడతాయన్న భయంతో ఒక్కోసారి ఆ రోడ్డు మూసేస్తారు కనుక, ఆ ప్రయాణాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి.

ప్రమాదంలో గాయపడితే చికిత్స ఖర్చులో సాయం చేసే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం అక్కడ సందర్శకులకూ వర్తిస్తుంది. జబ్బు చేస్తే అది వర్తించదు కాబట్టి, ముఖ్యంగా నాన్నగారికి, ప్రయాణ బీమా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అబ్బాయి కోరికకే ఓటు వేసి, నా నడకను మరో వేసవికి వాయిదా వేస్తున్నాను. పగటి వెలుతురు కాస్త ఎక్కువ కావాలంటే ఆగస్టు చివర వెళ్ళడం సరైనదేనా?

జవాబు 1

సరైనదేనండీ. ఆగస్టు చివరికి పగలు పదకొండు గంటలకు చేరువవుతుంది, మంచూ సాధారణంగా బాగానే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి రిమార్కబుల్స్‌లోని వాలు తక్కువ భాగం అనుకూలం. అబ్బాయికి మొదటి రోజే పాఠం పెట్టించండి.