అప్‌డేట్: మీడియంలో విడిపోయిన డీఎన్‌ఏ గుల్ల ఇప్పుడు నిలబడింది

పోయిన నెల అడిగింది నేనే. వైరస్ కాప్సిడ్‌లా (వైరస్ జన్యుపదార్థాన్ని చుట్టి ఉండే ప్రోటీన్ గుల్ల) ఇరవై ముఖాలున్న డీఎన్‌ఏ ఒరిగామి గుల్ల, అంటే డీఎన్‌ఏ పోగుని మడిచి చేసిన గుల్ల కట్టాం, బఫర్‌లో (దాన్ని ఉంచే లవణ ద్రావణంలో) బాగానే ఉంటోంది, కణాలు పెంచే మీడియంలో వేస్తే విడిపోతోంది, ఎందుకని?

మెగ్నీషియం చూసుకోమన్నారు చాలామంది. నిజమే. మా బఫర్‌లో 12 మిల్లీమోలార్, మీడియంలో 1 కూడా లేదు. ఒత్తుగా పేర్చిన డీఎన్‌ఏ హెలిక్స్‌లన్నిటిదీ నెగటివ్ ఛార్జే కాబట్టి, దాన్ని అణిచి ఉంచే మెగ్నీషియం తగ్గితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. పైగా మీడియంలో కలిపే సీరంలోని న్యూక్లియేజ్‌లు, అంటే డీఎన్‌ఏని కత్తిరించే ఎంజైమ్‌లు, కొరికేస్తాయి. నేనేమో స్టేపుల్ (మడతల్ని పట్టి ఉంచే పొట్టి డీఎన్‌ఏ పోగు) సీక్వెన్సులు తప్పేమోనని వారం రోజులు సరిచూస్తూ కూర్చున్నాను. దండగ!

పనిచేసింది ఒలిగోలైసిన్-పెగ్ పూత, అంటే లైసిన్ అనే అమైనో ఆమ్లపు పొట్టి గొలుసుకి పెగ్ అనే పాలిమర్ తగిలించినది. లైసిన్ పాజిటివ్ ఛార్జ్‌తో డీఎన్‌ఏకి అతుక్కుంటుంది, పెగ్ బయటికి కుచ్చులా నిలబడి ఎంజైమ్‌లను దూరం పెడుతుంది. లైసిన్‌లోని అమైన్లు, డీఎన్‌ఏలోని ఫాస్ఫేట్లు ఒకటికి ఒకటి చొప్పున కలిపాను. మొదటిసారి జెల్ (కరెంటుతో డీఎన్‌ఏని పరిగెత్తించి చూసే పరీక్ష) వేస్తే బ్యాండ్, శాంపిల్ పోసిన గుంట (వెల్) దాటి కదల్లేదు, ఒకటే టెన్షన్. తర్వాత వెలిగింది: పూత ఛార్జ్‌ని చెల్లు చేసేసింది కదా, ఎలా పరిగెడుతుంది? నెగటివ్ ఛార్జున్న డెక్స్‌ట్రాన్ సల్ఫేట్‌తో పూత ఊడదీసి మళ్లీ వేస్తే, సీరంలో రాత్రంతా ఉన్న శాంపిల్ కూడా సన్నటి బ్యాండ్‌గా సరైన చోటే కనిపించింది.

కొన్ని వైరస్‌లకు ఉన్నట్టు లిపిడ్ (కొవ్వు) పొర కప్పమన్న సలహా కూడా మంచిదే. పెరాల్ట్, షి అనే పరిశోధకులు 2014లోనే అలా చేసి చూపించారు. కానీ దానికి లిపిడ్ తగిలించిన హ్యాండిల్స్ (గుల్లకి అతికే డీఎన్‌ఏ పోగులు) కొత్తగా తెప్పించాలి, ఇప్పట్లో కాదు.

ఇక చూడాల్సింది, కణం లోపలికి వెళ్లాక ఈ గుల్ల తెరుచుకుంటుందా అని.