సేవ చేసేవారి గాయం ఆలస్యంగా మానుతుందన్న పరిశోధన గురించి వివరం కావాలి

ప్రశ్న: సోంపేట ప్రాంతం, బీఎస్సీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది ఉద్దానంలో సోంపేట దగ్గరి పల్లె. మా నాన్నగారికి మూత్రపిండాలు పాడై రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఆయనను తీసుకువెళ్లి తీసుకురావడం, తాగే నీళ్లు కొలిచి ఇవ్వడం, ఉప్పు తగ్గించి కూర వేరుగా వండడం, రాత్రి ఆయాసం వస్తే లేపి కూర్చోబెట్టడం, ఇవన్నీ అమ్మే చూసుకుంటుంది. డయాలసిస్ లేని రోజుల్లో జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. నెలన్నర క్రితం చేతికి రాసుకున్న బూడిద చెమటకు కారిపోయి, జీడి అంటి, కుడి చూపుడువేలి పక్కన సెనగగింజంత మేర చర్మం లేచిపోయింది. ఇలాంటి పుండ్లు ఇదివరకు పది పన్నెండు రోజుల్లో మాడిపోయేవి. ఈసారి అంచు తెల్లబడి, నడుమ ఎర్రగా అలాగే ఉండిపోయింది.

ఈ మధ్య ఒక పాఠం కోసం చదువుతుండగా అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జానిస్ కీకోల్ట్-గ్లేజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధనల ప్రస్తావన కనిపించింది. ఇంట్లో రోగికి ఏళ్ల తరబడి సేవ చేసేవారిలో గాయాలు ఆలస్యంగా మానుతాయని ఆమె నిరూపించారట. చదువుతున్నంతసేపూ నాకు అమ్మ వేలే కళ్లముందు కదిలింది. మనసులోని దిగులు రక్తంలోని కణాల దాకా నిజంగా చేరుతుందా? చేరితే, సైకోథెరపీతో, అంటే మాటల ద్వారా చేసే మానసిక చికిత్సతో, ఆ కణాల పనితీరు తిరిగి బాగుపడుతుందా? మా మామ్మ "మనోవ్యాధికి మందు లేదు" అని ఊరుకుంటుంది. దగ్గరి బంధువు ఒకరు మాత్రం మనసు గట్టిపరచుకుంటే కిడ్నీలే బాగవుతాయనీ, డయాలసిస్ తగ్గించుకోవచ్చనీ నాన్నకు నూరిపోస్తున్నారు. ఆ బంధువుకు ఏమని జవాబు చెప్పాలో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: పలాస, స్టాఫ్ నర్సు

అమ్మా, పరిశోధన సంగతి తరువాత చూద్దాం. ఆరు వారాలు దాటినా మానని పుండును దిగులు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. ముందు మీ అమ్మగారికి పరగడుపున ఒకసారి, తిన్న తరువాత ఒకసారి షుగర్ పరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉందేమో కూడా చూపించండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో అడిగి డాక్టరుగారికి చెప్పండి. పుండు మానేదాకా ఆ చేతితో జీడి పని వద్దు. లేచిన చర్మం మీద జీడి మళ్లీ మళ్లీ తగులుతుంటే ఎంత నిబ్బరంగా ఉన్న మనిషికైనా మానదు.

సమాధానం: విజయనగరం, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

పై సలహాయే మొదట పాటించవలసినది. ఇక మీరు చదివిన పరిశోధన విషయానికి వస్తాను.

జానిస్ కీకోల్ట్-గ్లేజర్ క్లినికల్ సైకాలజిస్టు. ఆమె భర్త రోనాల్డ్ గ్లేజర్ వైరస్‌ల మీద, రోగనిరోధక కణాల మీద పనిచేసినవారు. మనసును పరిశీలించేవారు, రక్తనమూనాను పరిశీలించేవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్లనే ఆ పని సాధ్యమైందని నేను అనుకుంటాను. మీరు చెప్పిన వ్యాసం 1995లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మతిమరుపు వ్యాధి ముదిరిన బంధువులకు సేవ చేస్తున్న 13 మంది స్త్రీలను, వారికి వయసులోనూ ఆదాయంలోనూ సరిపోలిన మరో 13 మందిని తీసుకుని, ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల గుండ్రని చిన్న గాయం చేసి, అది పూర్తిగా మానేదాకా గమనించారు. సేవ చేస్తున్నవారికి సగటున 48.7 రోజులు పట్టగా, మిగిలినవారికి 39.3 రోజులు పట్టింది. సంఖ్య చిన్నదే కనుక ఆ ఒక్క వ్యాసంతో ఆగకూడదు. 1998లో అదే బృందం 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిలి మీద వేసవి సెలవుల్లో ఒకసారి, పరీక్షలకు 3 రోజుల ముందు మరొకసారి అదే కొలత గాయం చేసింది. పరీక్షల వేళ మానడానికి సగటున 40 శాతం ఎక్కువ కాలం పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా పరీక్షలప్పుడు ఏ ఒక్కరికీ మానలేదు. ఇక్కడ మనిషిని అదే మనిషితో పోల్చారు కనుక ఈ రెండవ ప్రయోగానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

కణాల సంగతి చెబుతాను. గాయమైన తొలి రోజుల్లో తెల్ల రక్త కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 వంటి సంకేత పదార్థాలను విడుదల చేసి, చెత్తను తినివేసే మాక్రోఫేజ్ కణాలను, ఆ తరువాత కొత్త కణజాలం అల్లే కణాలను అక్కడికి రప్పిస్తాయి. దీర్ఘకాలపు ఒత్తిడిలో అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలు ఈ కణాలలోనే ఉన్నాయి. ఆ హార్మోను వాటి కేకను అణచివేస్తుంది. 1995 ప్రయోగంలో సేవ చేస్తున్న స్త్రీల రక్తకణాలను ప్రయోగశాలలో బాక్టీరియా పదార్థంతో ప్రేరేపించినప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తయారీకి కావలసిన సూచనను మోసే సందేశ ఆర్‌ఎన్‌ఏ తక్కువగానే వెలువడింది.

అయితే "ఒత్తిడి వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది" అన్న ఒక్క మాటతో విషయం ముగిసిపోదు. 2003లో ఆమె బృందమే ప్రచురించిన మరో అధ్యయనంలో, జీవిత భాగస్వామికి సేవ చేస్తున్న వృద్ధుల రక్తంలో వాపును పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 ఆరేళ్లలో ఇతరులలో కంటే సుమారు 4 రెట్ల వేగంతో పెరిగింది. తడి కట్టెల పొయ్యిని మీరు చూసే ఉంటారు. అన్నం ఉడకడానికి కావలసిన మంట రాదు, పొగ మాత్రం ఆగదు. ఒత్తిడిలో ఉన్న శరీరం స్థితి దాదాపు అదే.

సమాధానం: శ్రీకాకుళం, కౌన్సెలింగ్ సైకాలజిస్టు

మాస్టారు కణాల వైపు చెప్పారు కనుక నేను చికిత్స వైపు చెబుతాను.

1985లోనే కీకోల్ట్-గ్లేజర్ బృందం 45 మంది వృద్ధులను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు నెలరోజుల పాటు వారానికి మూడుసార్లు శరీరాన్ని సడలించుకునే శిక్షణ ఇచ్చింది. వైరస్ సోకిన కణాలను చంపే ఎన్‌కే కణాల చురుకుదనం ఆ జట్టులో పెరిగింది. మీకు మరింత దగ్గరైనది బ్రిటన్‌లో కవితా వేధర బృందం 2003లో ప్రచురించిన అధ్యయనం. మతిమరుపు రోగులకు సేవ చేస్తున్న వృద్ధులలో కొందరికి 8 వారాల పాటు ఒత్తిడిని ఎదుర్కొనే ఆలోచనా పద్ధతులను నేర్పి, తరువాత ఫ్లూ టీకా వేశారు. శిక్షణ పొందినవారిలో సగం మందికి టీకాకు చాలినంత స్పందన రాగా, శిక్షణ లేకుండా సేవ చేస్తున్నవారిలో అది 7 శాతానికే వచ్చింది. వారిని చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా విభజించలేదు కనుక ఈ ఫలితాన్ని కొంత తగ్గించి చదవాలి. ఆ లోపం లేని 56 ప్రయోగాలను, 4,060 మంది వివరాలను కలిపి 2020లో విశ్లేషించినప్పుడు, మానసిక చికిత్సలు పొందినవారిలో మేలుచేసే రోగనిరోధక పనితీరు 14.7 శాతం మెరుగుపడి, హాని చేసేది 18 శాతం తగ్గినట్లు తేలింది. వాటిలో ఆలోచనా తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫలితాలే ఎక్కువ నిలకడగా ఉన్నాయి.

మీ బంధువుకు చెప్పవలసినది ఇప్పుడు రాస్తున్నాను, దయచేసి నాన్నగారికి కూడా చదివి వినిపించండి. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ రొమ్ము క్యాన్సర్ ముదిరిన 86 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, వారం వారం సామూహిక చికిత్సకు వచ్చినవారు సగటున 36.6 నెలలు, రానివారు 18.9 నెలలు బ్రతికారని వెల్లడైంది. ప్రపంచమంతా సంబరపడింది. కానీ కెనడాలో 235 మంది మీద జరిగి 2001లో ప్రచురితమైన పెద్ద ప్రయోగంలో ఆయుష్షు పెరగలేదు, స్పీగెల్ బృందమే 2007లో ప్రచురించిన రెండవ ప్రయత్నంలోనూ మొత్తం మీద పెరగలేదు. కెనడా స్త్రీలకు దిగులు, నొప్పి తగ్గాయి, అది తక్కువ మేలేమీ కాదు. రక్తనమూనాలో ఒక కణం చురుకుదనం పెరగడం వేరు, పాడైన అవయవం బాగుపడడం వేరు. మచ్చ కట్టిన మూత్రపిండాన్ని ఏ సైకోథెరపీ తిరిగి పని చేయించలేదు. ఒక్క డయాలసిస్ మానినా పొటాషియం పెరిగి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది.

మీ అమ్మగారి విషయంలో మాత్రం చేయగలిగినది చాలా ఉంది. రాత్రి ఆమె ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, వారంలో ఒక్క పూటైనా ఆ బాధ్యత మరొకరు తీసుకుంటున్నారా, "నేను కాస్త కన్ను మూస్తే ఆయనకేమవుతుందో" అన్న భయం రోజుకు ఎన్నిసార్లు వస్తోంది, ఇలాంటి ప్రశ్నలతోనే మేము చికిత్స మొదలుపెడతాము. ఇంతదూరం రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న పరగడుపున పరీక్ష చేయిస్తే అమ్మకు షుగర్ 186 ఉంది. ఇంతవరకు ఆమెకు ఎవరూ పరీక్ష చేయించలేదు, నాకూ తోచలేదు. నాన్న రిపోర్టులన్నీ తేదీల వారీగా ఫైలు చేసి పెట్టాను, అమ్మ పేరుతో మా ఇంట్లో ఒక్క కాగితం కూడా లేదు. డాక్టరుగారు మందు మొదలుపెట్టి, పుండు శుభ్రం చేసి కట్టు కట్టారు. ఫోన్‌లో మాట్లాడమంటే "నాకేమైంది" అని ముందు కసిరింది. నాన్న డయాలసిస్ మంచం మీద ఉండే నాలుగు గంటలూ ఆమె బయట బల్ల మీద ఊరికే కూర్చుని ఉంటుంది కనుక, బుధవారం నేను కాలేజీ మానేసి తోడు వెళ్లి, అక్కడి నుంచే 14416కు కలిపి ఇస్తాను. నాన్నకు సైకాలజిస్టు గారి జవాబు చదివి వినిపించాను. శుక్రవారం డయాలసిస్‌కు ఆయనే ముందుగా తయారై కూర్చున్నారు.