అప్‌డేట్: పత్తి మిల్లులో అరవడం మానేశాను

కర్నూలు జిల్లా ఆదోనిలో జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) మేనేజర్‌గా చేరానని, అరిస్తేనే పని జరుగుతుందని ఓనర్ అంటున్నారని, ఏం చేయాలని అడిగాను కదా. మీరు వద్దన్నారు, మానేశాను.

మొదటి వారం ఇద్దరు ఆలస్యంగా వచ్చారు. టెన్షన్ పడ్డాను. పక్కకు పిలిచి మాట్లాడితే సర్దుకున్నారు.

పోయిన మంగళవారం రాత్రి షిఫ్టులో ఫిట్టర్ తనంతట తనే వచ్చి, "సార్, బేరింగ్ కాలిపోతాంది, మిషన్ ఆపినా" అన్నాడు. పత్తిలో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, అంతా అంటుకుంటుంది. ఇదివరకు తిట్లకు భయపడి ఇలాంటివి దాచేవాళ్లట! ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రుల మీద చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది: పై అధికారులతో ధైర్యంగా మాట్లాడగలిగే చోటే తప్పులు ఎక్కువగా బయటికొచ్చాయి.

ఓనర్ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ మిషన్ ఆపినందుకు ఫిట్టర్‌ను ఏమీ అనలేదు.