ఎం87 గెలాక్సీ నుంచి ఎక్స్-కిరణాలు ఎలా వస్తున్నాయి?

ప్రశ్న (రాజాం, డిగ్రీ విద్యార్థిని):
మా మేడ మీద నుంచి టెలిస్కోపులో కన్యారాశిలోని ఎం87ను చూశాను, మసక మచ్చలా ఉంది. ఎక్స్-కిరణాల్లో అది ధగధగలాడుతుందట. అదంతా నక్షత్రాల వెలుగేనా?

జవాబు (బొబ్బిలి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు):
కాదమ్మా, నక్షత్రాల వాటా స్వల్పం. ఎం87ను కోట్ల డిగ్రీల వేడి వాయువు ఆవరించి ఉంది. అందులోని ఎలక్ట్రాన్లు అయాన్ల (ఎలక్ట్రాన్లు కోల్పోయిన పరమాణువుల) పక్క నుంచి దూసుకుపోతూ దారి మళ్లినప్పుడల్లా ఎక్స్-కిరణాలు వెలువడతాయి. ఎం87 లాంటివి గుంపుగా ఉండే పెద్ద గెలాక్సీ గుచ్ఛాల్లో నక్షత్రాలన్నిటి కంటే ఈ వాయువు ద్రవ్యరాశే ఎక్కువ! ఎన్నేళ్లు పాఠం చెప్పినా నాకు ఈ ఆశ్చర్యం తీరదు.

జవాబు (టెక్కలి):
కేంద్రంలో సుమారు 650 కోట్ల సూర్యులంత ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉంది కదా మాస్టారూ. అక్కడి నుంచి ఎగజిమ్మే కణాల ధార కూడా ఎక్స్-కిరణాల్లో కనిపిస్తుంది.

ప్రశ్న (రాజాం):
మేడ మీద నుంచి వాటిని పట్టలేమా?

జవాబు (బొబ్బిలి):
వాతావరణం మింగేస్తుందమ్మా. అందుకే ఎక్స్-కిరణాలను పట్టే టెలిస్కోపులను అంతరిక్షంలోకి పంపుతారు: 1999లో అమెరికా వారి చంద్రను, 2015లో శ్రీహరికోట నుంచి మన ఆస్ట్రోశాట్‌ను పంపారు. చంద్ర తీసిన ఎం87 చిత్రం తప్పక చూడు.